డౌట్లు చివర్లో

ఒక బొటనవేలు మనిషిని ఎంత దూరం తీసుకెళ్తుందో చెప్తాను, ముందు టీ తీసుకోండి. చల్లారిపోతే నన్ననకండి.

నా గొంతు సంగతి మీకు తెలుసుగా. ఇంట్లో మా ఆయన మీద లేస్తే పక్క పోర్షన్ వాళ్ళు టీవీ ఆపి మరీ వింటారు. అదే కొత్తవాళ్ళ ముందు నిలబడితే నూతిలోంచి మాట్లాడినట్టుంటుంది. ఈ గొంతుతోనే రెండు కాలేజీల్లో జువాలజీ లెక్చరర్ డెమో పోగొట్టుకున్నాను. ఉద్యోగం ఇచ్చేముందు క్లాసులో పాఠం చెప్పించి, వెనక కూర్చుని ప్రిన్సిపాల్ చూస్తారే, ఆ డెమో. రెండోసారి వెనక బెంచీలోంచి ఎవడో "మేడమ్, వినపడట్లేదు" అన్నాడు. ఆ తర్వాత నాకే వినపడలేదు. అసలే పిల్లలు పుట్టాక ఆరేళ్ళ గ్యాప్. ఈ మూడోది కూడా పోతే జన్మలో చాక్‌పీస్ పట్టకూడదనుకున్నాను.

అప్పుడు మా ఆడపడుచు రజియా సెల్ఫ్ హిప్నాసిస్ చేసుకోమంది. మన మాటలు మనమే ఫోన్లో రికార్డ్ చేసుకుని, కళ్ళు మూసుకుని, పది నుంచి ఒకటికి లెక్కపెట్టుకుని, రోజూ వినాలట. వింటున్నంతసేపూ ఎడమచేతి బొటనవేలు కుడి గుప్పిట్లో పట్టుకోవాలట. అలవాటయ్యాక ఎక్కడున్నా సరే, ఆ వేలు పట్టుకుంటే చాలు, ధైర్యం దానంతటదే వచ్చేస్తుందట.

స్క్రిప్ట్ నేనే రాసుకున్నాను. "నా గొంతు ఖంగుమంటుంది. అడుగు ముందుకేస్తే ఆగను. మధ్యలో ఎవరేమన్నా పట్టించుకోను."

"ఆ ఆఖరుది అవసరమా భాభీ?" అంది రజియా.

"అదే ముఖ్యం" అన్నాను. ఆ వెనక బెంచీ వాడు ఇంకా నా కళ్ళముందే ఉన్నాడు మరి.

మూడు వారాలపాటు మధ్యాహ్నం నమాజు అయ్యాక, పిల్లలు స్కూల్ నుంచి వచ్చేలోపు, తలుపేసుకుని విన్నాను. పనిచేసింది కూడానండీ. ఒకరోజు ఆటో అతను "అటు రాను" అంటే వేలు పట్టుకుని "వస్తావ్" అన్నాను. వచ్చాడు.

పోయిన నెల్లో ఒక గురువారం పదింటికి డెమో. గుణదల నుంచి ఆటోలో దారంతా ఇయర్‌ఫోన్స్ పెట్టుకుని, కళ్ళు మూసుకుని, నా మాటలు నేనే వింటూ వెళ్ళాను. ఆటో ఆగింది. ఎదురుగా కాలేజీ. అదే పేరు, అదే నీలం బోర్డు, గేటు మీద ర్యాంకులొచ్చిన పిల్లల ఫ్లెక్సీ. వేలు పట్టుకుని నడిచాను.

వాచ్‌మన్ కుర్చీలోంచి లేచి "మేడమ్, ఇది..." అన్నాడు.

"తెలుసు" అన్నాను. పాపం, కూర్చున్నాడు.

రెండో అంతస్తు, మొదటి రూమ్ అని ఫోన్లో చెప్పారు. వెళ్తే క్లాసు నిండా పిల్లలు. ప్రిన్సిపాల్ కనపడలేదు. కెమెరాలో చూస్తున్నారు కాబోలు అనుకున్నాను.

"ఇవాళ మనిషి గుండె గురించి చెప్పుకుందాం" అన్నాను. గది ఆ చివరిదాకా వినపడింది. అబ్బ, ఎంత సంతోషమేసిందో చెప్పలేను. బోర్డు నిండా గుండె గీశాను. ముందు బెంచీ కుర్రాడు చెయ్యెత్తి "మేడమ్, మాకు..." అన్నాడు.

"డౌట్లు చివర్లో."

ఇంకొకడు లేచాడు. "మేడమ్, ఈ చాప్టర్..."

"సిలబస్‌లోనే ఉంది నాన్నా. కూర్చో."

మధ్యలో గుమ్మం దగ్గరికి కళ్ళద్దాలు పెట్టుకున్న ఒకాయన వచ్చి, తొంగిచూసి వెళ్ళిపోయాడు. కాసేపటికి మళ్ళీ వచ్చాడు, మళ్ళీ వెళ్ళాడు. మూడోసారి వచ్చి అక్కడే నిలబడిపోయాడు. మార్కులు వేసేది ఈయనేననుకుని, ఆయనవైపు తిరిగి వాల్వుల గురించి ఇంకాస్త గట్టిగా చెప్పాను. నలభై నిమిషాలు అలా చెప్పి, చేతులు దులుపుకుని, మళ్ళీ వేలు పట్టుకుని, "ఇప్పుడు అడగండి" అన్నాను.

ముందు బెంచీ కుర్రాడు లేచి, ఎంతో మర్యాదగా, "మాది ఎంపీసీ మేడమ్. మాకు బయాలజీ లేదండి" అన్నాడు.

వేలు వదిలేశాను. గొంతు మళ్ళీ నూతిలోకి దిగిపోయింది. "ముందే చెప్పొచ్చుగా" అన్నాను.

"మేడమ్, వినపడట్లేదు" అన్నాడు వెనక బెంచీలోంచి ఒకడు.

కళ్ళద్దాలాయన అప్పుడు లోపలికొచ్చాడు. ఆయన మ్యాథ్స్ లెక్చరర్, ఆ క్లాసు ఆయనది. "సారీ అండీ, మీరు చెప్పే తీరు చూసి నేనే రాంగ్ రూమ్‌కి వచ్చానేమోనని కిందకెళ్ళి టైమ్‌టేబుల్ చూసుకొచ్చాను. రెండుసార్లు చూశానండి" అన్నాడు. బైపీసీ క్యాంపస్ ఆ సందు చివర ఉందట. బోర్డు అచ్చం ఇలాగే ఉంటుందట, కింద చిన్న అక్షరాలు తప్ప.

పరుగెత్తాను. అక్కడ ప్రిన్సిపాల్ మేడమ్ వాచీ చూపించింది. ఉన్నదున్నట్టు చెప్పేశాను. నమ్మక, ఎంపీసీ క్యాంపస్‌కి ఫోన్ చేసింది. మ్యాథ్స్ సార్ ఏం చెప్పాడో గానీ ఆవిడ ఫోన్ పెట్టేసి, కళ్ళు తుడుచుకుంటూ నవ్వి, "మెట్లదాకా వినపడిందటగా. ఆ గుండేదో మా పిల్లలకీ చెప్పండి" అంది.

ఈసారి వేలు ముట్టుకోలేదు. ముట్టుకోవాలంటేనే భయమేసింది. అయినా ఎంపీసీ పిల్లలకి నలభై నిమిషాలు గుండె పాఠం చెప్పొచ్చినదానికి ఇంక సిగ్గుపడ్డానికి ఏం మిగిలిందండీ? గొంతు దానంతటదే వచ్చింది. ఉద్యోగం కూడా వచ్చింది.

సోమవారం చేరాను. మొదటి క్లాసులో ఒక పిల్ల లేచి "మేడమ్..." అంది. "డౌట్లు చివ..." అనబోయి ఆగిపోయాను. క్లాసులోంచి బయటికొచ్చి, రెండంతస్తులూ దిగి, గేటు బయట నిలబడి, బోర్డు పైనుంచి కిందిదాకా చదువుకున్నాను. బైపీసీయే. మళ్ళీ ఎక్కి వచ్చేసరికి ఆ పిల్ల ఇంకా నిలబడే ఉంది. మంచినీళ్ళు తాగొస్తానని అడగబోయిందట, అంతే.

ఈ సంగతి రెండు క్యాంపస్‌లకీ పాకిపోయింది. ఇప్పుడు రోజూ పొద్దున నేను గేటు దగ్గరికి రాగానే మా వాచ్‌మన్ లేచి నిలబడి, అడక్కముందే చెప్తున్నాడు.

"ఇదే మేడమ్."