వేళకు ముందే వాలిన పావురం

వీధిలో అందరికీ ఆమె పావురాల పిన్ని. బతుకుతెరువు బట్టలు కుట్టడమే అయినా ఆ సంగతి ఎవరికీ గుర్తుండదు. డాబా మీద గూళ్లు కట్టి పావురాలను పెంచుతుంది. కొలతలు తీసుకుంటూ కూడా కిటికీలోంచి ఆకాశం వంక చూస్తుంది. జాకెట్టు చేతులు తారుమారైతే తప్పు పావురాలదే అంటారు గిట్టనివాళ్లు.

భర్త లారీ డ్రైవరు. కొండల అవతలి నగరానికి సరుకు తోలతాడు. సాయంత్రం బయల్దేరితే, రోడ్డు కొండలన్నీ చుట్టి చుట్టి తెల్లవారాక గాని అక్కడికి చేర్చదు. ఇంటింటికీ ఫోన్లు రాని రోజులవి. ఆయన క్షేమంగా చేరాడో లేదో తెలియక ఆమెకు ముద్ద దిగేది కాదు. అందుకని ప్రతి ప్రయాణానికీ బుట్టలో ఒక పావురాన్ని పెట్టి ఇచ్చేది. అక్కడ దిగగానే ఆయన దాన్ని వదిలేవాడు. రాత్రంతా లారీ పాకిన దూరాన్ని అది గాలిలో అడ్డంగా దాటి, భోజనాల వేళకు డాబా మీద వాలేది. రెండు చేతుల్లో ఇమిడిపోయే ప్రాణికి ఆ దారి ఎవరు చెబుతారో ఏళ్లు గడిచినా ఆమెకు అంతుపట్టలేదు. వాలిన ప్రతిసారీ ఒళ్లు జలదరించేది.

ఒకరోజు పొద్దున, పొయ్యి మీద పాలు ఇంకా పొంగకముందే రెక్కల చప్పుడు వినిపించింది. నిన్న బుట్టలో పెట్టిన బూడిదరంగు ఆడపావురమే. మీ ఆయన అప్పుడే చేరిపోయాడన్నమాట, అదృష్టవంతురాలివి అంది పక్కింటావిడ. పిన్ని మాత్రం లెక్క వేసుకుంది. చీకట్లో పావురం ఎగరదు. తెల్లారాక వదిలినది ఇంతలోనే వచ్చిందంటే, అది సగం దూరం కూడా ఎగరలేదు. అంటే లారీ కొండలు దాటనే లేదు.

పాలు దించడం మరిచి, చెప్పులైనా లేకుండా లారీ ఆఫీసుకు పరిగెత్తింది. బుట్ట మూత దానంతటదే ఊడి ఉంటుందని గుమాస్తా సర్దిచెప్పబోయాడు.

"మూత నేనే తాడుతో బిగించాను. ఆయన చెయ్యి పడందే ఊడదు. కొండల్లోనే ఎక్కడో ఉన్నారు, పదండి," అంది.

అక్కడ టీ తాగుతున్న ముసలి డ్రైవరు ఒకాయన, గ్లాసు కింద పెట్టి తాళంచెవి అందుకున్నాడు.

పావురం చిటికెలో దాటి వచ్చిన దూరం లారీకి ఎంతకీ తరగలేదు. మలుపు మీద మలుపు. ఎదురుగా ఉన్న కొండ ఎంతసేపు వెళ్లినా ఎదురుగానే ఉంది. ఇన్ని కొండల మీదుగానా ఆ గుప్పెడు ప్రాణి వచ్చింది అనుకుంటే, అంత భయంలోనూ ఆమెకు చేతులు జోడించాలనిపించింది. ప్రతి మలుపులో ఆపించి లోయలోకి తొంగిచూసింది. మధ్యాహ్నం దాటాక ఒకచోట పొదల మధ్య ఆయన లారీ మీద కప్పిన నీలం టార్పాలిన్ కనిపించింది.

భర్త క్యాబిన్‌లో కాలు ఇరుక్కుని ఉన్నాడు, స్పృహలోనే. పైన ఎన్ని బళ్లు వెళ్లినా అతని కేక ఎవరికీ వినిపించలేదట. కాలు బయటికి తీస్తున్నంతసేపూ ఆమె అతని చెయ్యి వదల్లేదు.

"దాన్ని వదిలాక భయం పట్టుకుంది," అన్నాడతను. "అది వాలగానే, నేను చేరాననుకుని నువ్వు నిశ్చింతగా ఉండిపోతావేమోనని."

"ఎప్పుడు వాలిందో చూసుకోనా?" అంది ఆమె ఏడుస్తూనే. "మీరింకా ఇవతలే ఉన్నారని చెప్పింది."