కోతకి ఇవ్వని పేక

మా ఆయనకి మతిమరుపు మొదలైందేమోనని డాక్టరు అనుమానపడ్డాడు. ఈయనకి ఒళ్ళు మండిపోయింది. "బ్లాక్‌జాక్‌ పేకాటలో వచ్చిపోయిన ముక్కలన్నీ లెక్కపెట్టే నాకా మతిమరుపు? పద, చూపిస్తా. ఒక్కసారి లెక్క తప్పితే డ్రైవింగ్ మానేసి కారు తాళాలు నీ చేతిలో పెట్టేస్తా" అన్నారు నాతో. సరే, ఆ ముచ్చటా తీరనీ అనుకుని టెక్సస్‌లో మా ఊరు ఫ్రిస్కో నుంచి నేనే డ్రైవ్ చేసుకుంటూ, నది దాటి ఓక్లహోమాలో క్యాసినోకి తీసుకెళ్ళాను. పట్టపగలు.

కూర్చోగానే అలవాటుగా చెయ్యి చాపారు, పేక కొయ్యడానికి. మా ఇళ్ళలో కోతకి ఇవ్వకుండా పంచితే ఆట చెల్లదు మరి. పంచే అమ్మాయి నవ్వి, కలిపేది అదేనన్నట్టు పక్కనున్న నల్ల డబ్బా చూపించింది.

ఈయన పట్టించుకోలేదు. చిన్న ముక్క వస్తే లెక్కకి ఒకటి కలపడం, పెద్దది వస్తే ఒకటి తియ్యడం. పెదాలు కదులుతున్నాయి.

"చిన్నవి చాలా పోయాయి. ఇంక బొమ్మలే ఎక్కువ రావాలి, చూడు."

రెండు వచ్చింది. మూడు వచ్చింది. మళ్ళీ రెండు. ఇందాక పోయినవే తిరిగొస్తున్నట్టుంది. ఈయన మొహంలో నెత్తురుచుక్క లేదు.

"ఏమేవ్, లెక్క తప్పుతోందే."

ఆ గొంతు నేనెప్పుడూ వినలేదు.

అప్పుడు చూశాను. ఆట అవగానే ఆ అమ్మాయి వాడేసిన ముక్కల్ని ఆ డబ్బాలోకే తోసేస్తోంది. లోపల గరగరమని సన్నటి చప్పుడు, ఆగదు. పేక అయిపోవడమంటూ లేదు.

"ఓరి దేవుడో! తప్పు మీది కాదండీ, ఆ మెషిన్‌ది! పోయిన ముక్కలన్నీ అప్పటికప్పుడే మళ్ళీ కలిసిపోతున్నాయి. దానికి ప్రతి ఆటా మొదటి ఆటే. ఇంతకుముందు ఏమొచ్చిందో గుర్తుపెట్టుకుని ఏం లాభం?"

మోసమేం లేదు. కాకపోతే కలపడానికి ఆగక్కర్లేదు కాబట్టి గంటకి ఆటలెక్కువ, ఓడిపోవడమూ త్వరగానే. ఈయనకి అదేం పట్టలేదు. హమ్మయ్య అని పకపకా నవ్వారు. తాళాలు లాక్కుని ఇంటికి తనే డ్రైవ్ చేశారు. నేనూ వద్దనలేదు.

మర్నాడు మధ్యాహ్నం వంటింటి బల్ల దగ్గర రమ్మీకి కూర్చున్నాం. పేక కలిపి నా ముందు పెట్టారు.

"కొయ్యి."

కోశాను. మళ్ళీ కలిపి పెట్టారు. "కొయ్యి." ఆటపట్టిస్తున్నారనుకుని మళ్ళీ కోశాను. మూడోసారీ పెట్టారు.

"రెండుసార్లు కోశాను కదండీ!"

పేక వంక చూశారు. నా వంక చూశారు. మెల్లిగా వంగి, బల్లగుడ్డ ఎత్తి కింద వెతికారు.

"ఇక్కడ కూడా ఆ మెషిన్ పెట్టారా?"

ఆయన తలెత్తేలోపు, బల్ల మీదున్న కారు తాళాలు తీసి గుప్పిట్లో దాచుకున్నాను.