వదిన వేడిగా తిన్న పూట

మొన్న ఖమ్మం నడిబొడ్డున కొత్తగా తెరిచిన ఒక హోటల్‌లో ముద్దపప్పు, పచ్చిపులుసు తిన్నాను. ముద్దపప్పు కోసం హోటల్ దాకా వెళ్లాలా అని మీరు నవ్వుకుంటారని తెలుసు. లోపలికి అడుగుపెట్టేదాకా నేనూ నవ్వుకున్నవాణ్ణే. కానీ మన వంటింట్లో మూలన పడుండే పచ్చిపులుసు అక్కడ కంచు గిన్నెలో, కొత్త పెళ్లికొడుకులాగా, ఇద్దరు మనుషుల తోడుతో మా బల్ల దగ్గరికి ఊరేగి వచ్చింది. పప్పు మీద పోసిన నేతిలో ఈత రానివాడు దిగితే తేలడం కష్టం. దాని వాసన వైరా దాకా వెళ్లి ఉంటుందని నా అంచనా. జొన్నరొట్టె ఎంత పల్చగా ఉందంటే, దాని గుండా ఎదురుగా కూర్చున్న మా అన్నయ్య కళ్లజోడు కనిపించింది.

అన్నయ్యను, వదినను అక్కడికి తీసుకెళ్లడానికి ఒక కారణముంది. పంతులు ఉద్యోగం వచ్చి ములకలపల్లి దగ్గర అడవి అంచు బడిలో చేరాక, మూడేళ్లు వాళ్లింట్లోనే ఉన్నాను. ఆ వయసులో నా ఆకలి సంగతి తెలిస్తే అక్కడి ఎలుగుబంట్లు చిన్నబుచ్చుకునేవి. వదిన పొయ్యి మీది రొట్టె తెచ్చి కంచంలో వేయడం, చేయి కాలుతుండగానే నేను దాన్ని మాయం చేసి మళ్లీ వంటింటి వైపు చూడటం, రోజూ ఇదే వరస. అందరం తిని లేచాక ఆమె అడుగూ బొడుగూ ముందేసుకుని కూర్చునేది. ఒకరోజు ఛత్రీ మరిచిపోయి వెనక్కి వచ్చేసరికి, చల్లారి బిగుసుకుపోయిన రొట్టెను నీళ్లలో ముంచుకు తింటూ కనిపించింది. నన్ను చూసి కంచానికి కొంగు అడ్డం పెట్టుకుంది. నేను ఛత్రీ తీసుకుని వెళ్లిపోయాను. ఈ మనిషి వేడిగా ఒక్క ముద్ద తింటుంటే చూడాలన్న కోరిక మాత్రం అప్పటినుంచీ ఉండిపోయింది.

అందుకే హోటల్‌లో నా కళ్లు ఆమె కంచం మీదే ఉన్నాయి. ఆమె మాత్రం పప్పు గిన్నె అందుకుని మా ఇద్దరికీ వడ్డించడం మొదలుపెట్టింది. వడ్డించే ఆయన తన ఉద్యోగం ఊడినట్టు బిక్కమొహం వేసుకుని నిలబడ్డాడు.

"నువ్వు తిను వదినా, చల్లారిపోతది" అన్నాను.

"నువ్వు కానియ్యి పంతులూ. మీరు తిన్నంక తింట."

అన్నయ్య అప్పటికే మూడో రొట్టెలో ఉన్నాడు. వదిన అన్నం మీది ఆవిరి నా కళ్లముందే తగ్గిపోతోంది. ఇక లాభం లేదని వడ్డించే ఆయన చెవిలో సంగతి చెప్పాను. ఆయన లోపలికి వెళ్లి వంట చేసే ఆవిడను పిలుచుకొచ్చాడు. మా వదిన ఈడు మనిషి, పినపాక వైపు నుంచి వచ్చిందట. చల్లారిన కంచం తీసేసి పొగలు కక్కే అన్నం, పప్పు తెచ్చి పెట్టింది. మా రొట్టెల పళ్లెం మాత్రం తన చేతిలోకి తీసుకుంది.

"నువ్వు తింటెనే గీ సార్లకు రొట్టె పెడ్త అక్కా. లేకుంటె గిట్లనే నిలబడ్త."

"గదేందమ్మా, మొగోళ్లు ఆకలిమీదున్నరు."

"ఉండనీ. ఒక్కపూటకు ఏం గాదు."

అన్నయ్య చేయి గాల్లోనే ఆగిపోయింది. కంచం ముందు కూర్చున్న మగవాడు ఎదురుచూడటం మా వంశచరిత్రలో అదే మొదలని ప్రమాణం చేయగలను. వదిన ముద్ద కలిపింది. వేళ్లు చురుక్కుమన్నట్టున్నాయి, ఊదుకుంది. నోట్లో పెట్టుకుంది. తర్వాత ఆ వంటావిడ వైపు తలెత్తి, "వేడిమీద పప్పు గింత మంచిగుంటదా" అని అడిగింది.

ఇప్పటిదాకా చెప్పినవాటిలో నా అలవాటు కొద్దీ కొంత పెంచి ఉంటాను గానీ, ఈ మాటకు మాత్రం పొల్లు కూడా కలపలేదు. మన ఇంటి తిండికి ఇవాళ ఊరి నడిమధ్య ఇంత మర్యాద దక్కుతోంది, వండిన మనిషే బయటికొచ్చి కొసరి తినిపిస్తోంది, చూడముచ్చటగా ఉంది. కానీ పక్కన పీట వేసి, నువ్వూ కూర్చో వదినా అనడానికి హోటల్ ఎందుకు? ఆ మూడేళ్లలో ఏ పూటైనా అని ఉండొచ్చు. అనలేదు. నాకప్పుడు ఆకలిగా ఉండేది.