ఒళ్లో పెట్టుకున్న చేతులు

నిన్న సాయంత్రం మా తమ్ముడి కూతురు ఫోన్ చేసింది. విమానం నడపడం నేర్చుకుని, ఇంకొకరికి నేర్పడానికి కావలసినన్ని గంటలు గాలిలో పూర్తిచేసి, రాతపరీక్ష కూడా గట్టెక్కింది; ఈరోజు పొద్దున ఆఖరి పరీక్ష. "పెదనాయనా, పరీక్ష పెట్టే ఆయప్ప ఏం జేస్తాడో చెప్పు" అంది. నాకు తెలుసు, అయినా చెప్పలేదు. కడుపునిండా తిని పొమ్మన్నాను. అప్పటినుంచి నాకు కుదురు లేదు.

విమానం నడపగలిగినవాడల్లా నేర్పడానికి పనికిరాడని మా రోజుల్లో ఎంత పట్టుబట్టేవారో నా ఈడువాళ్లకు తెలిసే ఉంటుంది. చంద్రగిరి దగ్గర చెరుకు రైతు కొడుకుని, గంటలు నిండాయి కదా, ఇక గురువునైపోయినట్టేననుకుని ధీమాగా వెళ్లాను. పరీక్ష పెట్టే పెద్దాయన మదనపల్లె వైపు మనిషి. ఎడమ సీటులో శిష్యుడిలా కూర్చుని కావాలనే తప్పులు చేస్తాడు, కుడి సీటులో గురువుగా కూర్చున్న నేను దిద్దాలి. విమానం ముక్కు కాస్త పక్కకు తిరిగిందో లేదో, కంట్రోలు లాగేసుకున్నాను. దిగాక ఆయన, "బాగా నడుపుతావబ్బా. నడిపేవోళ్లు సానామంది ఉండారు. తప్పు జేస్తా ఉంటే ఓర్సుకుని సూసేవోడు కావాల" అని తిప్పి పంపేశాడు.

ఇంట్లో నాయన ఒకటే మాటన్నాడు. "మళ్లా తప్పితే వచ్చెయ్, గానుగ కాడ మనిషి లేడు."

రెండోసారి చేతులు ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాను. రన్‌వే మీదికి దిగుతుండగా ఆయన ముక్కు పైకెత్తేశాడు. చక్రాలింకా నేలకు అందలేదు, వేగం పడిపోతోంది, రెక్కలిక మోయలేవని హెచ్చరించే హారన్ కీచుమంటోంది. ఆలస్యమైతే ఇద్దరమూ నేలకు కొట్టుకుంటాం, తొందరపడితే నా బతుకిక బెల్లం పొయ్యి దగ్గరే. చేతులు వాటంతటవే లేచి సగంలో ఆగాయి. ముక్కు దించి, ఇంజను కాస్త పెంచమని నోటితోనే చెప్పాను. ఆయన వెంటనే వినలేదు. ఆ క్షణం ఎంత పొడవో ఈనాటికీ చెప్పలేను. ఆ తర్వాత ముక్కు దిగింది, ఇంజను అందుకుంది, చక్రాలు గట్టిగానే తగిలినా విమానం నిలబడింది. పెద్దాయన నా కాగితాల మీద సంతకం పెట్టాడు.

ఇప్పటి పిల్లలు గదిలో తెర ముందు కూర్చుని ఉత్తుత్తి విమానం ఎన్నిసార్లు కూల్చినా మీట నొక్కి మళ్లీ మొదలుపెట్టవచ్చు. మంచిదే, మేం పడ్డ భయం వాళ్లు పడాలని నేను కోరుకోను. కానీ పక్కవాడు తప్పు చేస్తుంటే ఊరికే కూర్చోవడం ఏ తెర నేర్పుతుందో నాకు తెలియదు.

పరీక్ష ఇంకా మొదలై ఉండదు. పిల్లకు ఒక్క మాట చెబితే చాలు, గట్టెక్కుతుంది. ఫోన్ తీసి పేరు దాకా వెళ్లాను. ఆ రెండో పరీక్ష రోజు నేను బస్సు దిగి ఇంటికి వచ్చేదాకా నాయన గానుగ దగ్గర ఎలా కూర్చున్నాడో ఎన్నడూ అడగలేదు. ఇప్పుడు అడుగుదామంటే నాయనా లేడు, గానుగా లేదు. రేణిగుంటలో దిగబోయే విమానమేదో మా మేడ మీదుగా పోతోంది. ఫోన్ బల్ల మీద పెట్టేసి, రెండు చేతులూ ఒళ్లో పెట్టుకున్నాను.