ఒళ్లు తగ్గే వేరు కోసం అచ్చంపేట దాకా

మగ్గం గుంటలో కూర్చుంటే నా పొట్ట ఎదుటి అడ్డకర్రకు తగులుతున్నదని మొదట కనిపెట్టింది మా బాపు. ఆయనకు చూపు ఆనడం మానేసి ఏడాది దాటింది. కాని నేసిన రుమాలు మీద అరచెయ్యి పెట్టి అటూ ఇటూ నిమిరితే చాలు, ఆయనకు అంతా తెలిసిపోతుంది. ఏడేళ్లు నేను మగ్గం ముట్టలేదు. బాపు నేస్తుంటే మూటలు కట్టుకుని పట్నం దుకాణాలకు తిరిగి అమ్ముకొచ్చేవాణ్ణి. సేట్లు కూర్చోబెట్టి తినిపించేవారు, నేను కాదనేవాణ్ణి కాదు. బాపు చూపు పోయాక గుంటలోకి దిగి కూర్చుంటే, పొట్ట అడ్డమొచ్చి చెయ్యి పూర్తిగా వెనక్కి రావడం లేదు. పోగు గట్టిగా కూచోవడం లేదు. రుమాళ్లు తిరిగొస్తున్నాయి. మా ఇంటికి ఉన్నది ఒకటే మగ్గం.

"బట్ట వదులొస్తాంది కొడుకా. కడుపన్న తగ్గాలె, మగ్గమన్న జరగాలె. మగ్గం మీ తాత పాతింది, అది జరగది" అన్నాడు బాపు.

సరే, తగ్గాలి. కాని ఎలా తగ్గాలన్నది ఒక్కరూ ఒక్క తీరుగా చెప్పరేం? హకీం సాబు పొడి ఇచ్చి మాంసం మానమన్నాడు. పొరుగాయన మాంసమే తినమన్నాడు, అన్నం మానాలట. మా అమ్మకైతే నేను తగ్గడమే ఇష్టం లేదు. ఒళ్లు చేసిన కొడుకును చూసి నలుగురూ కండ్లు పెడుతున్నారని శుక్రవారం శుక్రవారం దిష్టి తీసి, తీసిన అలసటకని నాకే ఇంత పాయసం పెట్టేది. పొద్దంతా ఉపవాసముండి పొద్దుగూకాక రెండు పూటలదీ కలిపి తిన్న రోజులున్నాయి. తగ్గాలని నాకు నిజంగా ఉందా లేదా అన్నదే నాకు తెలియలేదు. అలాంటప్పుడు అచ్చంపేట అవతల ఉండే మా బావ కబురు పంపాడు. అడవిలో ఒక చెంచు ముసలాయన ఒళ్లు కరిగే వేరు ఇస్తాడట. వేరు నమిలితే పనైపోతుందంటే ఎవరికి చేదు? ఏ రోజు వస్తానో తిరుగు కబురు పంపి బయల్దేరాను.

ఈ దారిన పోదలచినవారికి దారి చెబుతాను. పోచంపల్లి నుంచి బీబీనగర్‌కు కోడికూత వేళ బండి కడితే పొద్దుటి రైలు అందుతుంది. సికింద్రాబాదులో దిగి కాచిగూడకు జట్కా మాట్లాడుకోవాలి. మనిషికి రెండణాలు. నా దగ్గర జట్కావాడు నాలుగు తీసుకున్నాడు. ఇద్దరు కూర్చునే జాగాలో ఒక్కణ్ణే కూర్చున్నానట. గుర్రం వైపు జరగమని ఒకసారి, వెనక్కి జరగమని ఒకసారి, దారి పొడుగునా నన్ను సర్దుతూనే ఉన్నాడు. కాచిగూడ నుంచి చిన్న రైలు సాయంత్రానికి జడ్చర్ల చేరుస్తుంది. స్టేషన్ ఎదుట పూటకూళ్లింట్లో జొన్నరొట్టె, గోంగూర పప్పు బాగుంటాయి. నేను తక్కువ తిందామనే కూర్చున్నాను. వండిన అమ్మ నన్ను ఎగాదిగా చూసి, అడగకుండానే ఇంకో రెండు రొట్టెలు వేసింది. వద్దంటే నొచ్చుకుంది. మీవంటి పెద్దలు తనింట్లో కడుపు మాడ్చుకుని పోయారని నలుగురూ చెప్పుకుంటే తనకు నామోషీ కదా అన్నది. నేను పెద్దనెప్పుడయ్యాను? తిన్నాను మరి, ఏం చేయను.

మర్నాడు పొద్దున్నే జడ్చర్ల నుంచి కల్వకుర్తి మీదుగా అచ్చంపేటకు బస్సు. యుద్ధం మూలాన పెట్రోలు లేక బస్సును బొగ్గుతో నడుపుతున్నారు. ఎత్తు వచ్చిందంటే మూలుగుతుంది, జనం దిగి నడవాలి. మొదటి ఎత్తు దగ్గరే నేను లేవబోయాను. డ్రైవరు వెనక్కి తిరిగి "మీరు కూసోండ్రి సేటూ" అన్నాడు. చంకలో పిల్లను ఎత్తుకున్న తల్లి దిగింది, కట్టెపుల్లలా ఉన్న ముసలాయన దిగాడు. బస్సుకు అసలు బరువు నేను, నేనొక్కణ్ణే కూర్చున్నాను! ఈ లెక్కేమిటో నాకు అంతుబట్టలేదు. కాని సీటు మెత్తగా ఉంది, బయట ఎండ మండుతోంది.

అచ్చంపేటలో మధ్యాహ్నం దాటాక దిగాను. బావ ఊరు అక్కడికి రెండు కోసులు, ఎవరినైనా ఎదురు పంపుతానన్నాడు. బస్సు ఆగిన చోట వేపచెట్టు నీడన ఒక మేనా, దాన్ని మోసే నలుగురు మనుషులు ఉన్నారు. వాళ్లలో పెద్దాయన, ఎల్లయ్య అని తర్వాత తెలిసింది, తలగుడ్డ తీసి చంకలో పెట్టుకుని దగ్గరకు వచ్చాడు. పొద్దుటి నుంచి మీకోసమే ఉన్నామన్నాడు. ఏ ఊరికని అడిగితే బావ ఊరి పేరే చెప్పాడు. ఔరా, మా బావ ఎంత పని చేశాడు అనుకున్నాను. బామ్మర్ది నడవలేడని మేనా కిరాయికి మాట్లాడాడా! సిగ్గేసింది, సంతోషమూ వేసింది. ఏది ఎక్కువో చెప్పలేను. ఎక్కాను.

వాగు దాటాక గుట్ట ఎక్కుడు మొదలైంది. ముందు మోస్తున్న ఎల్లయ్య కాలు మడతపడి మేనా ఒరిగింది. నేను కంగారుపడి, ఆపండి, నడుస్తానని ఒక కాలు కిందపెట్టాను. నలుగురి ముఖాల్లోనూ నెత్తురు లేదు.

"దిగకుండ్రి దొరా. మీరు నడిచొచ్చిండ్రని తెలిస్తె గడీల మా ఈపులు పలుగుతయ్" అన్నాడు ఎల్లయ్య.

గడీ ఏమిటి, వీపులు పగలడమేమిటి? గడీలంటే దొరలుండే కోటలు, మా బావకు గడీ ఎక్కడిది? ఏమీ అర్థంకాక, ఇంతకీ మా బావ కిరాయి ఎంతకు మాట్లాడాడని అడిగాను.

"ఎట్టిచాకిరికి కిరాయేంది దొరా?" అన్నాడు ఎల్లయ్య. మళ్లీ తనే, "మీరు దొరగారి చుట్టం కారా?" అన్నాడు.

"కాదే. నేను పోచంపల్లి సాలోణ్ణి. మా బావ తేనె, చింతపండు కొంటడు" అన్నాను.

మేనా దబ్బున నేలకు దిగింది. ఎల్లయ్య నా ముఖం చూడలేదు, నా పొట్టనే చూశాడు.

"నీ కడుపు జూసి దొరవనుకున్నం బిడ్డా. మా దిక్కు గంత కడుపు దొరలకు దప్ప ఎవలికుంటది?"

అంతే. అసలు చుట్టం అచ్చంపేటలో ఎండలో నిలబడి ఉంటాడని వాళ్లకు అప్పుడు తట్టింది. ఖాళీ మేనా భుజాలకెత్తుకుని వచ్చిన దారినే పరుగు పెట్టారు. తప్పు నాదేనని, నేనే ఎక్కానని ఆ చుట్టానికి చెబుదామని నేనూ వెంట పరుగెత్తాను. వాగు దాకా కూడా పోలేకపోయాను. దారి ఇసుకలో కూలబడ్డాను. ఆగమని కేకేద్దామంటే గొంతులో గాలి లేదు. నలుగురు మనుషులు మేనా మోస్తూ పరుగెత్తుతున్నారు, ఉత్త చేతులతో ఉన్న నేను వాళ్లను అందుకోలేకపోయాను. అక్కడే కూర్చుని ఏడ్చాను.

చీకటి పడ్డాక ఈడ్చుకుంటూ బావ ఇల్లు చేరాను. దారి చూపమని ఆయన పంపిన పాలేరు నన్ను బస్సు దగ్గర వెతికి వెతికి తిరిగొచ్చాడట. మర్నాడు పొద్దున్నే ఎల్లయ్య ఇల్లు వెతుక్కుంటూ పోయాను. గుడిసె ముందు బోర్లా పడుకుని ఉన్నాడు, భార్య వీపుకు పసుపు నూనె రాస్తోంది. నేను గడీకి పోయి నిజం చెబుతానన్నాను. ఆయన తల తిప్పకుండానే వద్దన్నాడు.

"ఇప్పుడు చెప్తె నీకూ పడ్తయ్. పో బిడ్డా, నీ పని జూస్కో."

బావ వేరు తెచ్చిచ్చాడు. తెచ్చుకున్నాను. ఇప్పటికీ అది మగ్గం మీది దూలానికి వేలాడుతూనే ఉంది, నమలలేదు. రెండో రొట్టె మీదికి చెయ్యి పోయినప్పుడల్లా ఎల్లయ్య చూపు గుర్తొస్తుంది, చెయ్యి ఆగిపోతుంది. నేను వదిలేసిన రొట్టె ఎల్లయ్య కంచంలోకి పోదు, ఆయన వీపు మానదు, గడీ కూలదు. మరెందుకు ఆగుతున్నానో నాకే సరిగా తెలియదు. కొడుకు చిక్కిపోతున్నాడని అమ్మ బెంగపడుతోంది. వీధిలో వాళ్లు ఏం జబ్బని అడుగుతున్నారు. ఏమని చెప్పను? మొన్న బాపు కొత్త రుమాలు నిమిరి, పోగు కూచుంటున్నదన్నాడు. వేరు బాగా పనిచేసింది కొడుకా అన్నాడు. అవునన్నాను.

అచ్చంపేట పోయేవారికి ఒక మాట. బస్సు దిగాక ఊళ్లకు పోయే దారి ఇసుకగా ఉంటుంది. గట్టి చెప్పులు, నీళ్లబుర్ర వెంట తీసుకుని పొద్దు వాలాక బయల్దేరండి. మీకోసమే ఉన్నామని ఎవరైనా మేనాతో ఎదురొస్తే, మీరెవరో ముందే చెప్పి, నడిచే పొండి.