ధర్మవరం అమ్మాయి కోసం రాసిన ఏడు రచనలు

హిందూపురంలో మాకు పియానో నేర్పిన సారు పోయాక, ఆయన భార్య నన్ను ఇంటికి పిలిచి ఒక అట్టపెట్టె చేతిలో పెట్టింది. అందులో సారు సొంతంగా రాసిన ఏడు చిన్న పియానో రచనలున్నాయి. ఒకదాంట్లో మగ్గం ఆడుతున్నట్టు ఉంటుంది. ఒకదాంట్లో చింతపండు మార్కెట్టు సందడి. ఏడింటినీ ఒకదాని వెంట ఒకటి వాయించాలని ఆయన కోరిక. బతికుండగా ఎవరూ వాటిని రికార్డు చేయలేదు.

"నువ్వు వాయించి పెట్టు నాయనా. నాకు వినాలనుండాది," అందామె.

నేను బెంగళూరులో పిల్లలకు పియానో నేర్పుతూ బతుకుతున్నాను. సారు శిష్యుల్లో సంగీతాన్ని వదలకుండా మిగిలింది నేనొక్కణ్ణే. అందుకని ఆ పని నాదేనా అన్న అనుమానం కూడా నాకు రాలేదు.

పెనుకొండలో ఒక పాత బడి హాల్లో పియానో ఉంది. సెలవుల్లో ఆ హాలు మాకిచ్చారు. శ్రుతి చేసే ఆయన్నీ, రికార్డింగు చేసే నా స్నేహితుణ్ణీ బెంగళూరు నుంచి వెంటబెట్టుకుని వెళ్లాను. చప్పుడు పడకుండా ఫ్యాన్లు ఆపేసి, కిటికీలు మూసుకుని కూర్చుంటే చొక్కా వీపుకు అతుక్కుపోయేది. దూలం మీద పావురాలు కువకువలాడినప్పుడల్లా ఆగి మళ్లీ మొదలుపెట్టేవాణ్ణి.

వాయిస్తుంటే ఆ రచనలు నాకు పలచగా తోచాయి. ఎక్కడా చెయ్యి బాగా చాపాల్సిన పనే లేదు. ఎడమచేతిలో ఒంటరిగా మోగే స్వరానికి కింది స్థాయిలోని అదే స్వరాన్ని కలిపి, రెండూ ఒక్కసారే నొక్కాను. హాలంతా నిండిపోయింది. సారు ఇంకొన్నాళ్లు బతికుంటే తనే ఇలా దిద్దుకునేవాడని నాకు నేనే చెప్పుకున్నాను. మూడు రచనలు అలాగే రికార్డు చేసి, హిందూపురం తీసుకెళ్లి సారు భార్యకు వినిపించాను.

ఆమె కళ్లు మూసుకుని విన్నది. "బాగుండాది. సినిమాలో వచ్చినట్టుండాది," అంది. కళ్లు తెరిచి, "కానీ ఇట్లయితే ఆ పాప చేతికి అందవు కదప్పా," అంది.

"ఏ పాపమ్మా?"

"ధర్మవరం పాప. నీతోపాటే కదా నేర్చుకునింది. దాని చేతులు చిన్నవి. దానికి అందేటట్టే ఇవన్నీ రాసినాడు ఆయన. నీకు చెప్పలేదా?"

చెప్పలేదు. నేను అడగనూ లేదు.

ఆ అమ్మాయి నాకు బాగా గుర్తుంది. పట్టుచీరల వ్యాపారి కూతురు. ప్రతి వారం వాళ్ల నాయనతో రైల్లో వచ్చేది. నేను వారమంతా కుస్తీపట్టిన పాఠాన్ని ఒకసారి విని వాయించేసేది. పెళ్లి కుదిరాక రావడం మానేసింది. అప్పుడు నాకు లోపల ఎంత హాయిగా అనిపించిందో కూడా గుర్తుంది.

మరుసటి రోజే ధర్మవరం వెళ్లాను. ఆ ఏడింటినీ ఆమె చేతే వాయింపించి రికార్డు చేయాలని నిర్ణయించుకున్నాను. ఆ ఆలోచన నాకు చాలా గొప్పగా, ఉదారంగా కనిపించింది.

ఆమెను ఆ ఊళ్లోనే ఇచ్చారు; అత్తగారింటి ముందుగదిలోనే వాళ్ల చీరల అంగడి. లోపల మగ్గాలు ఆడుతున్నాయి. ఆమె ఒక్కతే ఉంది. నన్ను గుర్తుపట్టడానికి కొంచెంసేపు పట్టింది. సంగతి చెప్పగానే గుమ్మం వైపు చూసి గొంతు తగ్గించింది.

"నేను ముట్టుకుని ఎన్నేండ్లయిందో తెలుసా నీకు?"

"నీ కోసం రాసినాడు సారు. నువ్వే వాయించాల."

"నా కోసమా?" అని కూర్చుండిపోయింది. నేను తెచ్చిన కాగితాలు చాలాసేపు తిప్పి చూసింది. చివరికి, "యాడికన్నా పోతాండానని చెప్పి వస్తాలే," అంది. ఆ మాట నేను పట్టించుకోలేదు. వస్తాననడం ఒక్కటే వినిపించింది.

ఆమె వచ్చింది. సారు భార్యను కూడా నేనే కారులో పెనుకొండకు తీసుకొచ్చాను, అందరూ ఉంటే బాగుంటుందని. ధర్మవరం అమ్మాయి పియానో ముందు కూర్చుని మీటలను అరచేత్తో ఒకసారి తడిమింది. నేను స్నేహితుడికి సైగ చేశాను. ఎర్ర దీపం వెలిగింది. ఆమె దాన్ని చూసింది.

మొదటి రచన ఎత్తుగడ ఎంత తేలిగ్గా వచ్చిందంటే, నాకు ఒళ్లు జలదరించింది. అంతలోనే వేలు తడబడింది. మళ్లీ మొదలుపెట్టింది. మళ్లీ అక్కడే ఆగింది. ఇంకోసారి ప్రయత్నించి, చేతులు తీసి ఒళ్లో పెట్టుకుంది. హాల్లో ఎవరూ కదల్లేదు. ఆ నిశ్శబ్దం భరించలేక నేను చప్పట్లు కొట్టాను.

ఆ ఖాళీ హాల్లో నా ఒక్కడి చప్పట్లు!

ఆమె తల తిప్పి, "ఎందుకబ్బా?" అంది. కోపంగా కాదు, నిజంగానే అర్థంకానట్టు.

సారు భార్య లేచి వెళ్లి ఆమె పక్కన బల్ల మీద కూర్చుని భుజం మీద చెయ్యి వేసింది. ఆమె ఏడవలేదు. "ఆయనుండంగానే వచ్చింటే బాగుండునమ్మా," అంది అంతే. తర్వాత నా వైపు చూసి, "అది తుడిపెయ్," అంది. ఆ రికార్డింగును ఆమె ఎదురుగానే తుడిపించాను.

వాయించలేకపోయింది ఆమె అయినా, సిగ్గుతో చచ్చిపోయింది నేను. ఆమె మనసులో మూసిపెట్టుకున్నదాన్ని నలుగురి ముందు తెరిపించింది నేనే కదా. అందులో ఆమె మేలుకంటే నా పేరే ఎక్కువ ఉందేమోనన్న అనుమానం ఆ రోజు పుట్టింది. ఇప్పటికీ పోలేదు.

తర్వాత ఏడు రచనలనూ సారు రాసినట్టే, ఏమీ కలపకుండా వాయించాను. సారు భార్య విని, "ఇప్పుడు ఆయనే ఉన్నట్టుండాది," అంది. ఆ మాటకు సంతోషపడే ధైర్యం కూడా నాకు లేకపోయింది.

రికార్డింగును పెన్‌డ్రైవులో వేసుకుని మళ్లీ ధర్మవరం వెళ్లాను. క్షమించమని అడగాలనుకున్నాను. ఈసారి అంగట్లో ఆమె భర్త ఉన్నాడు. "రాండన్నా, కూర్చోండి," అని, ఆమె వైపు తిరిగి, "తెలిసినోళ్లా?" అనడిగాడు.

"హిందూపురం నుంచి. చీరకొచ్చినారు," అందామె.

అప్పుడు అర్థమైంది, ఆ ఇంట్లో ఎవరికీ ఆమె సంగీతం సంగతి తెలియదని. ఆ రోజు పెనుకొండకు ఏం అబద్ధం చెప్పి వచ్చిందో నేను అడగనేలేదు.

"ఔను, నా భార్యకు," అన్నాను.

ఆమె చీరలు ఒక్కొక్కటే విప్పి చూపించింది. అంచు రంగు గురించి, జరీ గురించి మామూలుగా చెప్పింది. భర్త లోపలికి కాఫీ చెప్పడానికి వెళ్లినప్పుడు నేను పెన్‌డ్రైవు తీశాను. ఆమె తల అడ్డంగా ఊపింది.

"నీ దగ్గరే ఉండనీ," అంది మెల్లగా. "యాడ వినేది నేను?"

కాఫీ తాగి, వంకాయరంగు చీర ఒకటి తీసుకుని బయటపడ్డాను. నా భార్యకు చీర చాలా నచ్చింది. ఇంత మంచి రంగు ఎవరు ఎంచారని అడిగింది.

"అంగడామె," అన్నాను.