పడుకుని చూసిన పాక

రెండువేల సంవత్సరం దాటిన కొత్తలో, సబ్బవరం దగ్గరి అడవిలో సర్వేకు వెళ్లినప్పుడు, కొలత గొలుసు లాగే మా చైన్‌మన్ మూడు రోజుల్లో ఒకే పాకను మూడుసార్లు కట్టాడు. కట్టగానే లోపల వెల్లకిలా పడుకుని కప్పును చూసేవాడు. ఎక్కడైనా సందులోంచి వెలుగు కనబడితే నచ్చక లేచి ముడులు విప్పేవాడు. విప్పినప్పుడల్లా కొన్ని తాటాకులు చిరిగేవి.

వేసవి వాన పడేలోగా మా సర్వే పటాలకు పొడి చోటు కావాలి. మూడోసారి తాటాకు చాలకపోవడంతో, మిగతా సగం నేను అనకాపల్లి నుంచి తెప్పించిన పచ్చి చెరకు ఆకుతో కప్పించాను.

“ఇది పసువుల మేత బాబూ! కప్పుకి పనికొత్తదేటి?” అన్నాడతను.

“వాలు సరిగ్గా ముప్పై డిగ్రీలు. చుక్క నిలవదు,” అన్నాను.

మధ్యాహ్నం మేం కొలతలు ముగించుకుని వచ్చేసరికి, మేతకొచ్చిన నాలుగు ఆవులు నా సగాన్ని పూర్తిగా తినేశాయి. పడమట మబ్బు కమ్ముతోంది.

“ఏటే, డిగ్రీలు రుసిగా ఉన్నాయా?” అని అతను ఆవులనే అడిగాడు. నవ్వుతూనే రాటలు పీకి, ఉన్న తాటాకుతో పటాల పెట్టె పట్టేంత పాక కట్టాడు. అందులో మనిషికి చోటు లేదు. వాన వెలిసేదాకా మేమిద్దరం ఆవుల పక్కన నిలబడి పకపకా నవ్వుతూ తడిశాం. పటాల మీద ఒక్క చుక్కా పడలేదు.